విదేశీ స్నేహితుడిని బరంపురం యాత్రకి తీసుకొస్తున్నారా? ఇలా చేయండి

మా తమ్ముడిది జర్మనీలో ఉద్యోగం. 2023లో ఒడిశాలోని మా ఊరు బరంపురంలో జరిగే అమ్మవారి పండగ, ఠాకురాణి యాత్రకి తనతో పనిచేసే ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. రావడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి "అక్కా, వీళ్లకి మన పండగ చూపించాలి" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఆ పది రోజుల్లో మేము చేసిన తప్పులన్నీ లెక్కేస్తే ఒక చిన్న పుస్తకం అవుతుంది. తర్వాత 2025 యాత్రకి మరొకాయన వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు, ఎందుకంటే అప్పటికి ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తెలిసొచ్చింది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, కొరాపుట్ వైపు తెలుగువాళ్లలో బయటి దేశాల్లో పిల్లలున్న ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట పండగని ఎంచుకోండి. నేను చెప్పేవాటిలో పెద్ద మాట ఇదే, మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి. దేవుడు గుడి దాటి వీధిలోకి వచ్చే పండగకి తీసుకెళ్లండి. గుడి లోపల మాత్రమే జరిగే పండగకి పిలిస్తే ఏదో ఒక గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆపుతారు, అప్పుడు మీ ముఖం, వాళ్ల ముఖం రెండూ చూడలేం. మేము మొదటిసారి చేసింది అదే. ఒక గుడికి (పేరు ఎందుకులెండి, తప్పు మాది) ఎనిమిది మందిమి కారుల్లో వెళ్లాం. ప్రవేశం హిందువులకు మాత్రమే అని బోర్డు ఉంది. మేమందరం లోపలికి వెళ్లి దర్శనం చేసుకుని వచ్చేసరికి గంట పట్టింది, పాపం తమ్ముడితో వచ్చిన ఇద్దరిలో అమ్మాయి ఆ గంటా ఎండలో మా అందరి చెప్పులకి కాపలా కూర్చుంది. నవ్వుతూనే ఉంది అనుకోండి, కానీ మా నానమ్మకి ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే అన్నం సహించదు.

పూరీ జగన్నాథుడి గుడిలోకి హిందువులు కానివాళ్లకి ప్రవేశం లేదు. ఈ మాట స్నేహితుడు విమానం ఎక్కకముందే చెప్పేయండి, గుడి ముందు చెప్పకండి. చర్మం రంగు చూసి ఆపుతున్నారని అనుకోకుండా, 1984లో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీనే లోపలికి రానివ్వలేదని కూడా చెప్పండి, పార్సీని పెళ్లి చేసుకున్నారన్నది కారణం. ఆ నియమం సబబా కాదా అన్న వాదన మీకు ఇష్టమైతే మేడ మీద రాత్రి కాఫీ తాగుతూ పెట్టుకోండి, సింహద్వారం దగ్గర మాత్రం వద్దు. లోపలికి రాలేని వాళ్ల కోసమే జగన్నాథుడు పతితపావనుడిగా సింహద్వారం నుంచి కనిపిస్తాడు, రథయాత్రకి ఏకంగా తానే బయటికి వస్తాడు. ఆషాఢ శుద్ధ విదియనాడు 16 చక్రాల నందిఘోష, 14 చక్రాల తాళధ్వజ, 12 చక్రాల దర్పదళన రథాలు గుండిచా గుడి వైపు కదులుతాయి, పూరీ గజపతి మహారాజు బంగారు చీపురుతో రథం ఊడుస్తారు, అదంతా చూడటానికి ఎవరి మతమూ ఎవరూ అడగరు.

కానీ నన్నడిగితే మొదటిసారి వచ్చినవాళ్లని రథయాత్ర రోజున పూరీకి తీసుకెళ్లకండి. ఆ జనంలో మనకే ఊపిరాడదు. పర్లాకిమిడిలోనో జయపురంలోనో మీ ఊళ్లోనో రథయాత్ర చూపించండి, తాడు పట్టుకుని లాగనివ్వండి. పూరీలో రెండు కిలోమీటర్ల దూరంలో తలల మధ్య నుంచి రథం శిఖరం కనిపించడం కంటే ఇక్కడ అరచేతికి తాడు ఒరుసుకుపోవడం మేలు. కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథ గుడిలో అయితే కులం మతం అడగకుండా లోపలికి రానిస్తారు, జగన్నాథుణ్ణి దగ్గరగా చూడాలన్న కోరిక ఉంటే అక్కడ తీరుతుంది.

ఇక మా ఠాకురాణి యాత్ర సంగతి. విదేశీ అతిథికి దీన్ని మించిన పండగ మా వైపు లేదని నా అభిప్రాయం, పక్షపాతం అనుకోండి పర్లేదు. రెండేళ్లకోసారి చైత్రమాసం ఆ ప్రాంతంలో దాదాపు నెల రోజులు జరుగుతుంది. 2023లో, 2025లో అయింది, ఆ లెక్కన తర్వాతది 2027. తేదీలు ప్రకటించాకే టికెట్లు కొనమనండి, ఉగాది చూసుకుని అంచనా వేసుకోవద్దు.

అతిథికి దీన్ని ఎలా చెప్పాలి అంటే, పురాణం మొదలుపెట్టకండి. మా తమ్ముడు శక్తి, ఆగమం, గ్రామదేవత అంటూ అరగంట ఉపన్యాసం ఇచ్చాడు, వాళ్లు మర్యాదగా తలూపారు. తర్వాత మా నానమ్మ తెలుగులోనే చెప్పింది, వాడు తర్జుమా చేశాడు: "ఆడపిల్ల పుట్టింటికొచ్చింది. నెల్లాళ్లు ఉంటుంది. రాత్రిళ్లు ఊరంతా తిరిగి అందరినీ పలకరిస్తుంది. మళ్లీ అత్తారింటికి పోతుంది." అంతే, ఇద్దరికీ చప్పున ఎక్కింది. నిజంగా అంతే కదా. అమ్మవారు బుఢీ ఠాకురాణి తన గుడి వదిలి దేశిబెహరా వీధిలో వేసిన పందిట్లోకి వస్తుంది, ఆమెకి తండ్రి స్థానంలో ఉండేది దేరా నేతవాళ్ల పెద్ద, దేశిబెహరా. ఈ నేతవాళ్లని ఒకప్పుడు మహురీ రాజు రాజమండ్రి వైపు నుంచి పిలిపించాడని చెబుతారు, ఇంట్లో మాట ఇప్పటికీ తెలుగే. అంటే ఒడియా ఊరి అమ్మవారికి తెలుగువాళ్లది పుట్టిల్లు. మీ స్నేహితుడు పరాయి దేశంలో ఇల్లు కట్టుకున్నవాళ్ల పిల్లవాడైతే ఈ ఒక్క ముక్కకి చెవులు నిక్కబొడుచుకుంటాడు.

ఇప్పుడు కాగితాల పని. విసుగే, కానీ తప్పదు.

వీసా విషయంలో ఒకటే మాట: ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే తీసుకోమనండి. అచ్చం అలాగే కనిపించే దళారీ సైట్లు బోలెడు ఉన్నాయి, రెట్టింపు డబ్బు లాగుతాయి. మన వైపు చాలామందికి తెలియనిది, ఫారం సి అని పిలుస్తూ వచ్చిన బస వివరాల ఫారం. విదేశీ పౌరుడు మీ ఇంట్లో బస చేస్తే, హోటల్ కాదు మామూలు ఇల్లే అయినా సరే, వచ్చిన 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వాళ్లకి ఇవ్వాల్సిన బాధ్యత ఇంటి యజమానిది. పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఫొటో కావాలి. ముందు మీ ఇంటి చిరునామాతో ఆన్‌లైన్‌లో ఖాతా తెరవాలి, అది అతిథి రైలు దిగిన రాత్రి మొదలుపెట్టే పని కాదు, వారం పది రోజుల ముందే చేసి పెట్టుకోండి. మాకు మొదటిసారి ఇది తెలియక ఊళ్లో ఒక లాడ్జిలో గది తీద్దామని వెళ్తే, విదేశీయులా, అయితే గది లేదండీ అన్నారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, ఆ ఫారం గొడవ వాళ్లకీ పడదు మరి. అందుకే ఇంట్లో కాకుండా హోటల్లో పెడదామనుకుంటే ముందే ఫోన్ చేసి "విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా" అని తెలుగులోనో ఒడియాలోనో సూటిగా అడగండి.

డ్రోన్ తేవద్దని చెప్పండి, శాటిలైట్ ఫోను కూడా తేవద్దు. కొండలెక్కే అలవాటున్న యూరప్ వాళ్ల దగ్గర అత్యవసరానికి వాడే చిన్న శాటిలైట్ పరికరాలు ఉంటాయి, అనుమతి లేకుండా మన దేశంలో అవి నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడినవాళ్లున్నారు. అలాగే యాత్ర అయ్యాక "రాయగడ వైపు గిరిజన ఊళ్లు చూద్దాం" అని మీ బావమరిది ఎవరో ఉత్సాహపడతాడు చూడండి, ఆ ఉత్సాహానికి అక్కడే కళ్లెం వేయండి. డోంగ్రియా కొంధుల లాంటి వాళ్ల ఊళ్లకి విదేశీయులని తీసుకెళ్లడం మీద, ఫొటోలు తీయడం మీద ప్రభుత్వ ఆంక్షలున్నాయి. అనుమతి ఉంటే సరే, లేకపోతే వద్దు.

విమానంలో వచ్చేవాళ్లకి భువనేశ్వర్ దగ్గరవుతుంది, అక్కడి నుంచి సుమారు 170 కిలోమీటర్లు. విశాఖ నుంచి కూడా రావచ్చు, కోల్‌కతా చెన్నై రైలు మార్గం మీదే కాబట్టి రైళ్లకి కొదవ లేదు. దిగిన రోజు రాత్రే యాత్రకి తీసుకెళ్లకండి, పడుకోనివ్వండి.

ఇంట్లోవాళ్లని సిద్ధం చేయడం అతిథిని సిద్ధం చేయడం కంటే కష్టం. మీ అత్తలూ పిన్నులూ అడగబోయే ప్రశ్నలు ముందే ఊహించుకోండి: జీతం ఎంత, పెళ్లయిందా, ఇద్దరూ ఒకే గదిలో ఎలా ఉంటారు, ఇంత తెల్లగా ఉన్నావు ఎండ పడుతుందా. మొదటి మూడింటికి జవాబు ఏం చెప్పాలో అతిథితో ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో వచ్చిన జంటకి పెళ్లి కాలేదు. మా నానమ్మకి నిజమే చెప్పాం, "అయితే ఆ పిల్ల నా గదిలో పడుకుంటుంది" అంది, ఆ పిల్ల కూడా సరేనంది, పది రోజులూ ఇద్దరికీ భాష రాకపోయినా తెల్లవార్లూ ఏవో కబుర్లే. ఏ అబద్ధమూ అక్కర్లేకపోయింది.

ఆడవాళ్లు వస్తుంటే ఇంకో సంగతి, ఇంట్లో ఒక ఆడమనిషి పక్కకి పిలిచి చెప్పాలి. నెలసరి రోజుల్లో మీ ఇంట్లో పూజ గదిలోకి రానివ్వరా, ఘటం (యాత్రలో అమ్మవారిగా తల మీద మోసే కుండ) దగ్గరికి వెళ్లరా అన్నది ముందే చెప్పేయండి. ఆమెకి అది నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు, కానీ నలుగురిలో హఠాత్తుగా తెలియడం కంటే ఇది నయం.

బట్టలు: భుజాలు, మోకాళ్లు కప్పేవి, పల్చటి నూలువి. వాళ్లకి పట్టుచీర కట్టాలని మీకు ఉబలాటం ఉంటుంది, మా ఊరి పట్టుకి 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి గొప్ప చెప్పుకోవాలనీ ఉంటుంది. ఏప్రిల్ ఉక్కలో, జనంలో, అలవాటు లేని మనిషికి పట్టుచీర శిక్ష. ఇంట్లో కట్టి ఫొటో తీసుకోండి, బయటికి నూలు చుడీదార్‌తో తీసుకెళ్లండి. చెప్పులు ఇట్టే విడిచేలా ఉండాలి, లేసులు కట్టే బూట్లయితే ప్రతి గుమ్మం దగ్గరా పది నిమిషాలు. తోలు బెల్టు, తోలు పర్సు గుళ్ల దగ్గర ఇబ్బంది, గుడ్డ సంచి ఇవ్వండి.

యాత్ర రాత్రి ఏం చేయాలో ఇప్పుడు కాస్త వివరంగా చెప్తాను.

పగలు పడుకోనివ్వండి. అసలు సందడి చీకటి పడ్డాకే. సాయంత్రం ఆరింటికి ఇడ్లీయో పెరుగన్నమో పెట్టి, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు జేబులో పెట్టి బయల్దేరండి. కారు తీయకండి, ఆ సందుల్లో కారు దూరదు, దూరినా తిరిగి రాదు. ఇంటి చిరునామా, మీ ఫోన్ నంబరు ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒక అట్ట మీద రాసి అతిథి జేబులో పెట్టండి, జనంలో ఫోన్ సిగ్నల్ ఉండదు. తప్పిపోతే కలుసుకోవడానికి ఒక చోటు అనుకోండి, వెలుతురున్న పెద్ద కొట్టు ఏదైనా. ఒక మనిషికి ఒక మనిషి చొప్పున అప్పగించండి, "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

ముందు వేషాలు చూపించండి. పులివేషం, పిట్టలు పట్టే కేళా కేళుణి, దేవుళ్లు, రాక్షసులు, చిన్నపిల్లలు కృష్ణులు రాముళ్లు. ఇక్కడ అతిథికి తప్పకుండా చెప్పాల్సింది: ఇవి మొక్కులు. జ్వరం తగ్గితే, పిల్లాడు పుడితే, ఉద్యోగం వస్తే వేషం కడతానని అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు వీళ్లు. సరదా దుస్తుల పోటీ అనుకుని భుజం మీద చెయ్యేసి నవ్వుతూ ఫొటో దిగకూడదు. ఫొటో కావాలంటే చేత్తో సైగ చేసి అడగాలి, చాలామంది సంతోషంగా నిలబడతారు, పులివేషం అయితే మీకోసం ప్రత్యేకంగా ఒక గెంతు గెంతుతుంది కూడా. ఒళ్లంతా రంగు పూసుకుని గంటల తరబడి ఆ ఉక్కలో ఆడుతున్న మనిషి, దారికి అడ్డం నిలబడొద్దు.

తర్వాత ఘటాలు. దేశిబెహరా ఇంటి ఆడవాళ్లు తల మీద ఎత్తుకుని ఊరేగింపుగా వీధులు తిరుగుతారు. అదే అమ్మవారు. డప్పుల మోత ముందు వినిపిస్తుంది, తర్వాత జనం ఒక్కసారిగా పక్కకి ఒత్తుకుంటారు. అప్పుడు ఫోన్ పైకెత్తి ఫ్లాష్ కొట్టడం వద్దు, ఘటం మోసేవాళ్ల ముఖంలోకి అసలే వద్దు. గోడకి ఆనుకుని నిలబడి చేతులు జోడిస్తే చాలు. చేతులు జోడించడం ఇష్టం లేని అతిథి అయితే ఊరికే నిలబడొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

వీలుంటే మీ వీధికి ఘటం వచ్చే రాత్రి ఎప్పుడో కనుక్కుని ఆ రాత్రికి మీ ఇంటి వాకిట్లోనే ఉంచండి. నేను చూసినంతలో మిగతా పది రోజులూ ఒక ఎత్తు, ఆ ఒక్క రాత్రీ ఒక ఎత్తు. ఊరికే కుర్చీ వేసి కూర్చోబెట్టకండి, పని చెప్పండి. 2023లో మేము కుర్చీలు వేసి కూర్చోబెట్టాం, పిల్లలంతా ఘటాన్ని వదిలి వాళ్లనే చూశారు. 2025లో వచ్చినాయనకి (పెద్దాయన, అరవై దాటాయి) వాకిలి కడగడానికి బిందెలతో నీళ్లు మోసే పని అప్పగించాం. మా పక్కింటి మామ్మ వచ్చి ఆయన చేతికి ముగ్గు పిండి ఇచ్చి చుక్కలు పెట్టమంది. చుక్కలు వంకరగా వచ్చాయి, ఆవిడ ఏమీ అనకుండా ఆ వంకర చుక్కల్నే కలిపి ఏదో ముగ్గు చేసేసింది. ఘటం వచ్చేసరికి ఆయన తడిసిన పంచెతో, చేతినిండా పిండితో మా వాళ్లలో ఒకడిగా నిలబడ్డాడు, ఎవరూ ఆయన వైపు తిరిగి చూడలేదు.

తీర్థం, ప్రసాదం సంగతి ముందే నేర్పండి. కుడిచెయ్యి, కింద ఎడమచెయ్యి. తాగడానికి భయం ఉంటే తీర్థం కళ్లకద్దుకుని తల మీద రాసుకోవచ్చు, అది అమర్యాద కాదు. నుదుట బొట్టు పెడుతుంటే వెనక్కి జరగొద్దని చెప్పండి, వద్దనుకుంటే ముందే చేతులు జోడించి తలవంచితే పెట్టేవాళ్లే అర్థం చేసుకుంటారు. పళ్లెంలో డబ్బు వేయాలా అని అడుగుతారు. పదో ఇరవయ్యో చాలు. విదేశీ ముఖం చూసి "మీరు వెయ్యి ఇవ్వాలి" అనేవాళ్లు తగులుతారు, అక్కడ మీరు అడ్డుపడండి. యాత్రలో నగదే నయం, చిల్లర మార్చి ఇవ్వండి.

పెద్దవాళ్లని పలకరించడానికి తెలుగు ఇంట్లో "నమస్కారమండీ", ఒడియా ఇంట్లో "జుహార్". ఈ రెండు మాటలకే ఊరంతా పడిపోతుంది.

చైత్రం మంగళవారాలు తారాతారిణి అమ్మవారి గుడికి తీసుకెళ్లాలనిపిస్తుంది. రుషికుల్యా నది ఒడ్డున కొండ, 999 మెట్లు, రోప్‌వే ఉంది. మంగళవారం విపరీతమైన జనం, పిల్లల పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లతో కొండంతా నిండిపోతుంది. చూడాలనుంటే బుధవారమో గురువారమో తెల్లవారుజామున వెళ్లండి. అదే రోజుల్లో దండ నాట అనే వ్రతం కూడా జరుగుతుంది, మండుటెండలో దండువాలు (ఆ వ్రతం పట్టినవాళ్లు) నేల మీద చేసే కఠినమైన తపస్సు చూసి అతిథి కంగారు పడొచ్చు, వాళ్లు ఇష్టపూర్వకంగా పట్టిన వ్రతం అని చెప్పండి. కొన్ని గ్రామదేవతల దగ్గర కోడి, మేక బలి ఉంటుంది, అలాంటి చోటికి వెళ్తుంటే అదీ ముందే చెప్పాలి, చూడలేను అంటే బలవంతం వద్దు. మేష సంక్రాంతి రోజున మారేడు పండు పానకం తాగించండి, ఆ ఎండకి అదే మందు. రోడ్డు పక్క ఐసు వేసింది కాదు, ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో చేసింది.

కడుపు చెడితే కంగారు పడకండి, ఒక రోజు చద్దన్నం మజ్జిగా పెట్టి పడుకోబెట్టండి. జ్వరం కూడా ఉంటే మాత్రం ఇంటి వైద్యం కట్టిపెట్టి డాక్టర్ దగ్గరికి. ప్రయాణపు బీమా కాగితం ఫోన్లో కాకుండా అచ్చులో ఒకటి ఉంచుకోమనండి.

అమ్మవారు గుడికి తిరిగి వెళ్లే చివరి రాత్రి మర్నాడు తెల్లారి రైలుకి టికెట్ తీయకండి. ఆ రాత్రి ఊళ్లో రోడ్డు అనేది ఉండదు, మనుషులే ఉంటారు. ఒక రోజు ఆగి బయల్దేరమనండి, ఆ రోజు గోపాల్‌పూర్ సముద్రం దగ్గర గడపొచ్చు.

వెళ్లేటప్పుడు మీ ఇంట్లోవాళ్లు సంచులు నింపేస్తారు, ఆపలేరు. యూరప్ వెళ్లేవాళ్లయితే కోవా, నెయ్యి స్వీట్లు, మాంసం పచ్చళ్లు పెట్టొద్దు, పాల పదార్థాలూ మాంసమూ అక్కడికి తీసుకెళ్లనివ్వరు. ఆవకాయ సీసా మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి, లగేజీలో వేసే పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో వద్దు. బరంపురం అప్పడాలు మాత్రం స్టీలు డబ్బాలో పెట్టి బట్టల మధ్య సర్దండి. మొదటిసారి మేము మామూలు కవర్లో పంపించాం, అక్కడికి చేరేసరికి నూక అయిపోయాయట. పారేయలేదు, ఆ నూకనే నూనెలో వేయించి సూప్ మీద చల్లుకుని తిన్నామని ఫొటో పంపారు. నానమ్మ ఆ ఫొటో చూసి, "ఈసారి డబ్బాలో పెట్టండే" అని ఒకటే గొడవ.